ప్రహరీ మీద బొమ్మ పెచ్చులూడుతోంది: సమాధానం

అమలాపురం దగ్గర మీ స్కూలు ప్రహరీ మీద వేయించిన పడవల బొమ్మ ఏడాదికే పెచ్చులూడిందన్నారు కదండీ, తప్పు రంగుది కాకపోవచ్చు. కింది రెండడుగులే ఊడిందంటే అది నేల చెమ్మ. మన కోనసీమలో కాస్త తవ్వితే నీళ్లే. గోడ ఆ చెమ్మను పీల్చుకుంటుంది, ఆరేటప్పుడు ఉప్పు పైకొచ్చి రంగును నెట్టేస్తుంది. దానిమీదే మళ్లీ రంగేస్తే డబ్బు దండగ. ఊడినంత మేరా గీకి, పైకొచ్చిన ఆ తెల్లటి ఉప్పు పొడిని తడపకుండా పొడి బ్రష్‌తో దులిపేయండి. పైభాగంలో కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే 28 రోజులు ఆగాలి. తర్వాత ఆ పైభాగానికి ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (బయటి గోడలకు రంగుకంటే ముందు వేసే పూత), ఆపైన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే రంగు). పని సంక్రాంతి దాటాకే పెట్టుకోండి, అప్పటికి వానల చెమ్మ తగ్గుతుంది.

అన్నట్టు, పడవల్ని కాస్త పైకి జరిపి, కింది రెండడుగులకు ఉత్త సున్నం వేయించండి. గోడకు గాలాడుతుంది.