తాళం రెండుసార్లు లాగి చూస్తే ఓసీడీ అయిపోదు

ప్రశ్న: గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను, బ్రాడీపేటలో హాస్టల్. సైకియాట్రీ పాఠాలు మొదలైనప్పటి నుంచి ఏ చాప్టర్ చదివితే ఆ జబ్బు నాకే ఉన్నట్టు ఉంటోంది. గదికి తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాను, ఓసీడీయా? పొద్దున హుషారుగా ఉండి సాయంత్రానికి డల్ అయిపోతాను, బైపోలారా? మూడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మెస్‌కి కూడా వెళ్లబుద్ధి కావట్లేదు. అది పరీక్షల టెన్షనేలెండి.
- ఓ విద్యార్థిని

జవాబు: చదివిన జబ్బల్లా తమకే ఉందనుకోవడం మెడికల్, నర్సింగ్ విద్యార్థుల్లో మామూలేనమ్మా. నేను చదువుకునే రోజుల్లో లింఫోమా (మెడలాంటి చోట్ల ఉండే లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్) పాఠం విన్న రాత్రి అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంటూనే ఉన్నాను, అంతలా తడిమితే ఎవరికైనా ఏదో ఒకటి చేతికి తగులుతుంది మరి.

లక్షణం వేరు, రుగ్మత వేరు. లక్షణాలు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటాయి. మేం చూసేది అది ఎన్నాళ్లుగా ఉంది, మనిషిని ఎంత బాధపెడుతోంది, చదువుకి, తిండికి, నలుగురితో మసలడానికి ఎంత అడ్డుపడుతోంది అన్నది. తాళం రెండుసార్లు లాగి క్లాసుకి వెళ్లిపోతే అది జాగ్రత్త. బస్టాండు దాకా వెళ్లి అనుమానమొచ్చి వెనక్కి వచ్చి, చూసుకుని మళ్లీ బయల్దేరి, ఇదంతా అర్థంలేని పని అని తెలుస్తూనే మళ్లీ తిరిగొచ్చి, రోజులో గంటకు పైగా ఇలాగే పోతుంటే అప్పుడు ఓసీడీ అని అనుమానించాలి. (ఓసీడీ అన్న పేరులోని రెండు మాటలివి: వద్దన్నా వచ్చే ఆలోచన అబ్సెషన్, దాన్ని తగ్గించుకోవడానికి చేసే పని కంపల్షన్. పరీక్షలో చాలామంది తారుమారు చేసి రాస్తారు.)

బైపోలార్ అంటే మేనియా అనే అతి హుషారు, దిగులు విడతలు విడతలుగా వచ్చే జబ్బు, అందులో మూడ్ పూటకోలా మారదు. మేనియా అంటే దాదాపు వారం రోజులు వరసగా, రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టేస్తూ ఉండటం. సాయంత్రానికి డల్ అవడం, పొద్దుటి నుంచి వార్డులో నిలబడితే ఎవరికైనా తప్పదు.

నాకు పట్టింపుగా అనిపించింది మీరు చివర్లో తేలిగ్గా తీసిపారేసిన మాట. డిప్రెషన్‌కి చెప్పే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు రోజూ ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి ఉండి తీరాలి. నిద్ర తేడా, ఆకలి తేడా ఆ తొమ్మిదిలోవే. మీకు డిప్రెషనే అని ఉత్తరం చూసి చెప్పను, థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా కొన్ని ఇలాగే కనిపిస్తాయి. కానీ మూడు వారాలంటే చూపించుకోవాల్సిందే. మీ ఊళ్లోనే జీజీహెచ్‌లో (ప్రభుత్వాసుపత్రిలో) సైకియాట్రీ విభాగం ఉంది, ఈ వారంలోనే వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఓపీ దాకా ఆగొద్దు, పక్క బెడ్ అమ్మాయిని లేపి చెప్పండి, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలిమానస్ 14416కి చేయండి, రాత్రయినా పలుకుతారు, డబ్బు అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు పుస్తకం హాస్టల్‌లోనే వదిలెయ్యండి. డాక్టర్‌కి జబ్బు పేరు చెప్పకండి, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఎన్ని పూటలు తినడం మానేశారు, అవి చెప్పండి చాలు.