పాప తిండి దిగులును తోటి తల్లులతో చెప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. నా వయసు 25. పాపకు 20 నెలలు, బరువు 9.5 కిలోలు. ముద్ద పెడితే ఉమ్మేస్తుంది. ఒక్క పూట తిండికి గంట పడుతుంది. మావారు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తారు, రాత్రుళ్ళు అక్కడే ఉంటారు. ఫోనులో తల్లుల గ్రూపులో వేరే పిల్లల బరువులు చూసినప్పుడల్లా గుండె దడ వస్తుంది. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు. నెలకు రెండుసార్లు తల్లులందరం కూర్చుని మాట్లాడుకుందామని అంగన్‌వాడీ టీచరు రమ్మంటున్నారు. "నలుగురిని పెంచాను, ఏ సంఘానికి వెళ్ళాను? ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అని మా అత్తగారు అంటున్నారు. వెళ్ళాలా, వద్దా?

జవాబు: అమ్మా, తప్పకుండా వెళ్ళండి. కారణం చెప్పే ముందు పాప బరువు సంగతి తేల్చుకుందాం, ఆ భయం మనసులో ఉన్నంతసేపూ నేను చెప్పే మరో మాట మీకు ఎక్కదు. 20 నెలల ఆడపిల్ల 9.5 కిలోలు ఉంటే, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని పటంలో ఆ బరువు ఆకుపచ్చ భాగంలోనే, అంటే వయసుకు తగ్గ బరువులోనే పడుతుంది. మొదటి ఏడాది నిండేసరికి పుట్టినప్పటి బరువుకు దాదాపు మూడింతలయ్యే పిల్లలు, రెండో ఏడాది మొత్తం మీద రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది కాబట్టి, ఈ వయసులో ముద్ద ఉమ్మేయడం, మూతి తిప్పుకోవడం తల్లి పెంపకంలోని లోపం కాదు. అంగన్‌వాడీలో నెలనెలా తూయించి, ఆ గీత పైకి సాగుతున్నదో లేదో చూసుకోండి. రెండు మూడు నెలలు వరుసగా బరువు కదలకపోయినా, తగ్గినా పిల్లల వైద్యుడికి చూపించండి.

ఇక మీరు అడిగిన మాట. తన బిడ్డ ఒక్కతే తినడం లేదనీ, తనకొక్కదానికే పెంచడం చేతకాలేదనీ అనుకునే తల్లికి తిండి సమస్య కన్నా ఆ సిగ్గే పెద్ద బరువవుతుంది. నలుగురిలో కూర్చున్నప్పుడు, ఎదురుగా ఉన్న తల్లి తన కొడుకు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడనీ, తానూ నిన్న రాత్రి ఏడ్చాననీ చెబితే, మీ పాప తిండి మారదు గానీ మీ సిగ్గు సడలుతుంది. సిగ్గు సడలిన తల్లి అడగవలసిన ప్రశ్న సరిగ్గా అడగగలుగుతుంది, బిడ్డ ఒకపూట తినకపోయినా నోరు బలవంతంగా తెరిపించకుండా ఆగగలుగుతుంది. బలవంతం తగ్గిన ఇళ్ళలో పిల్లలు కొన్ని వారాలకు తమంతట తాము పళ్ళెంలో చెయ్యి పెట్టడం నేను చాలాసార్లు విన్నాను. ఇంకొక సంగతి కూడా ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఆ సమావేశానికి ఆరు నెలల బిడ్డతో ఒక తల్లి వస్తుంది, తల్లిపాలతో పాటు రాగిజావ ఎలా మొదలుపెట్టాలని అడుగుతుంది. సమాధానం మీకు తెలుసు. తనకు ఏమీ రాదనుకుంటున్న మనిషి మరొకరికి దారి చెప్పినప్పుడు కలిగే ధైర్యం, నాలాంటివారు ఎన్ని మాటలు చెప్పినా కలగదు.

మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి. ఆవిడ సంఘానికి వెళ్ళకపోవడం నిజమే, కానీ ఆవిడ పిల్లలను పెంచిన రోజుల్లో ఇంట్లో తోడికోడళ్ళు, ఆడపడుచులు, పక్కింటి పెద్దమ్మలు ఉండేవారు, బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి మరో చెయ్యి దొరికేది. మీకు ఇప్పుడు లేనిది అదే. ఈ మాట ఆవిడతో వాదనగా కాక, "అత్తయ్యా, మొదటిసారి మీరూ రండి, మీ అనుభవం వాళ్ళకూ పనికొస్తుంది" అని పిలుపుగా చెప్పండి. గుట్టు విషయంలో ఆవిడ భయం కూడా పూర్తిగా తప్పు కాదు. బిడ్డ తిండి, నిద్ర, మీ దిగులు చెప్పుకుంటే చాలు, ఇంట్లోని డబ్బు తగాదాలు అక్కడికి తీసుకుపోనక్కర్లేదు.

నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం కొత్త కాదు. మీకు ఎంతో దూరం లేని కలిగిరి మండలం దూబగుంటలో, చదువు నేర్చుకోవడానికి రాత్రి తరగతుల్లో చేరిన ఆడవాళ్ళు తమ తమ ఇళ్ళ బాధలు చెప్పుకున్నాకే 1992లో సారా వ్యతిరేక ఉద్యమం ఊపందుకుంది. ఆ తరువాత జిల్లాలో పొదుపు సంఘాలు వ్యాపించాయి. మీ అత్తగారే ఒక పొదుపు సంఘంలో ఉండి ఉంటే, ఈ సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు.

అయితే ఏ గుంపైనా మేలు చేస్తుందని నేను చెప్పను. మీ ఫోనులోని గ్రూపు మీకు మేలు చేయడం లేదు, ఎందుకంటే అక్కడికి బొద్దుగా ఉన్న పిల్లల బొమ్మలూ బరువులూ మాత్రమే వస్తాయి, ఉమ్మేసిన ముద్దలు రావు. కొంతకాలం దాన్నుంచి బయటికి రండి. అంగన్‌వాడీ సమావేశంలో కూడా బరువులు పైకి చదివి పోల్చవద్దనీ, అక్కడి మాట అక్కడే ఉండాలనీ, ఒకరి బిడ్డకు రాసిన మందు మరొకరికి చెప్పవద్దనీ టీచరుతో ముందే అనుకోండి. ఆకలి పుట్టించే సిరప్‌లలో కొన్ని పిల్లలకు మత్తు కలిగిస్తాయి, కాబట్టి చివరి మాటను గట్టిగా పట్టుకోండి.

మీ నిద్ర సంగతి మాత్రం సమావేశానికే వదిలేయలేను. పాప పడుకున్నాక కూడా నిద్ర పట్టకపోవడం, దడ రెండు వారాలకు మించి సాగుతుంటే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. రక్తహీనత వల్ల, థైరాయిడ్ తేడాల వల్ల కూడా దడ వస్తుంది. అవి లేవని తేలినా దిగులు తగ్గకపోతే, మనసు బాధలకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకడం వృథా అనిపించినా, మీకో పాపకో హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా, ఒక్క గంట కూడా ఆగకుండా ఇంట్లోవాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

మీ భర్తతో ఈ ఉత్తరం సంగతి చెప్పారో లేదో రాయలేదు. చెప్పండి. ఆయన రాత్రంతా మేలుకుని పొద్దున ఇంటికి వచ్చే మనిషి, అలసట ఉంటుంది. అయినా నిద్ర లేచాక సాయంత్రం పూట పాపకు తినిపించే పని ఆయనకు అప్పగించండి. ఆమె తిన్నా తినకపోయినా ఆ గంటసేపు మీరు ఆ గదిలోకి వెళ్ళకుండా పడుకోండి.