పోటీకి పేపర్ రాస్తున్న మా బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

అంతర్జాతీయ ఎకనామిక్స్ రీసెర్చ్ పేపర్ పోటీకి పంపాలనుకుంటున్నానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషపడ్డాను. పాలమూరు యూనివర్సిటీలో చదువుతూ బయటి దేశాల పిల్లలతో పోటీకి నిలబడాలనుకోవడం మంచి ఆలోచన. తప్పకుండా పంపు. కానీ టాపిక్ మార్చుకో. అది చెప్పడానికే ముఖ్యంగా ఈ ఉత్తరం.

'భారత ఆర్థికాభివృద్ధిపై విదేశీ పెట్టుబడుల ప్రభావం' అని రాశావు. అలాంటి పేపర్లు జడ్జిల దగ్గరికి కుప్పలుగా వస్తాయి. వరల్డ్ బ్యాంక్ సైట్ నుంచి ముప్పై ఏళ్ల అంకెలు దింపుకొని, ఒక రిగ్రెషన్ (రెండు అంకెల మధ్య సంబంధం చూసే లెక్క) వేసి, ప్రభావం ఉందని తేల్చడం ఎక్కడ కూర్చున్నవాళ్లయినా చేయగలరు. పెట్టుబడి వచ్చినందుకు అభివృద్ధి జరిగిందా, అభివృద్ధి కనబడుతోంది కాబట్టి పెట్టుబడి వచ్చిందా అని అడిగితే ఆ ముప్పై అంకెలు జవాబు చెప్పలేవు.

పోటీ అంతర్జాతీయం కాబట్టి విషయం కూడా అంత పెద్దదే కావాలేమోనని భయపడకు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు మన పాత మహబూబ్‌నగర్ జిల్లావే. ఒకటి ఔరేపల్లి, ఇంకొకటి డోకూర్. ఏ ఇంట్లో ఎంత పండింది, ఏం తిన్నారు, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు అని ఏళ్ల తరబడి రాసిపెట్టారు. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకొని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఎకనామిస్టు 1994లో ఎకనామెట్రికా అనే జర్నల్‌లో ఒక పేపర్ రాశారు. ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి ఖర్చు చాలావరకు ఊరి సగటుతోనే నడుస్తుందని, అంటే ఊళ్లో ఒకరినొకరు ఎంతో కొంత కాచుకుంటున్నారని అందులో తేలింది. భూమి లేనివాళ్లకు మాత్రం ఒక ఊళ్లో ఆ ఆసరా తక్కువగా కనబడింది. అంతకుముందు 1989లోనే రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఎకనామిస్టులు ఇక్రిశాట్ లెక్కలతోనే ఇంకో సంగతి చూపించారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లలో, కాలం దెబ్బతీసిన ఏడు కూడా ఖర్చు అంతగా ఊగిసలాడదట. ఇక్కడ వాన తప్పితే అక్కడ పడి ఉండొచ్చు, వియ్యాలవారు ఆదుకుంటారు. సంబంధం చూసేటప్పుడు మీ నాయనమ్మ మాట్లాడే మాటలకూ దీనికీ ఎంత దూరముందో నువ్వే చూడు. ఎకనామిక్స్ చదివేవాళ్లు అమెరికాలో కూడా మన ఊళ్ల పేర్లు చదువుతున్నారు. మన విషయం చిన్నదని ఎవరన్నా నమ్మకు.

మరి నువ్వేం రాయొచ్చు? ముంబై వలసలు, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మీద రాయొచ్చు. వడ్ల కాంటా దగ్గర బస్తాకు కోసే తరుగు మీద రాయొచ్చు. నాకు మాత్రం అన్నిటికన్నా కౌలు సంగతి నచ్చుతుంది.

తెలంగాణ సర్కారు రైతుబంధు పథకం 2018 మే నెలలో వచ్చింది. మొదట ఎకరాకు ఒక్కో పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000. డబ్బు పట్టాదారుకే వచ్చేది, దున్నే కౌలుదారుకు వచ్చేది కాదు. 2025లో దాని బదులు రైతుభరోసా వచ్చింది. అయితే ఆ డబ్బు వచ్చాక కౌలు రేటు పెరిగిందా, తగ్గిందా, అక్కడే ఉందా? మన దగ్గర ఎవరిని అడిగినా "పెరిగింది" అనే అంటారు. కానీ దాదాపు ఆ ఏళ్లలోనే పాలమూరులో చాలా ఊళ్లకు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. నీళ్లు వచ్చిన చేను కౌలు పెరగడానికి రైతుబంధే కావాలా? రెండూ కలిసి పెరిగాయి కాబట్టి ఇది అందుకే అని రాస్తే జడ్జి పేపర్‌ను అక్కడే పక్కన పెడతాడు.

ఇక్కడే మన జిల్లాల అదృష్టం ఉంది. నారాయణపేట దాటి కొద్దిదూరం పోతే గుర్మిట్కల్, అది కర్ణాటకలో యాద్గిర్ జిల్లా. రెండు వైపులా కంది పంటే, దాదాపు ఒకే వాన. రైతుబంధు మాత్రం హద్దుకు ఇటువైపే వచ్చింది. వర్షాధార భూములున్న ఊళ్లు ఇటు కొన్ని, అటు కొన్ని ఎంచుకో. 2018కి ముందు కౌలు ఎంత, తర్వాత ఎంత అని రెండు వైపులా అడుగు. ఇటు పెరిగినదాంట్లో నుంచి అటు పెరిగినది తీసేస్తే మిగిలేదే నీ జవాబు. దీన్నే మీ క్లాసులో డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అని చెప్పి ఉంటారు. పీఎం కిసాన్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కర్ణాటక ప్రభుత్వం కొన్నేళ్లు దానికి తన వంతు కూడా కలిపింది. కానీ ఆ డబ్బు ఎకరాల లెక్కన ఇచ్చేది కాదు. ఈ సంగతి పేపర్లో నువ్వే ముందుగా రాయి, జడ్జిలు అడిగేదాకా ఆగకు. ప్రభావమేమీ లేదని తేలినా అలాగే పంపు. నిజాయితీగా వచ్చిన 'లేదు' కూడా ఫలితమే.

ఊళ్లో అడిగే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్తాను. "2017లో కౌలు ఎంత?" అంటే ఎవరికీ గుర్తుండదు. "నోట్లు రద్దయిన తర్వాత వచ్చిన వానకాలం ఎంతకు పట్టినవ్? కరోనా ఏడు ఎంత?" అని అడిగితే ఠక్కున చెప్తారు. కొందరు పైసలు చెప్తారు, కొందరు బస్తాలు చెప్తారు, కొందరిది పంటలో పాలు. మూడూ విడివిడిగా రాసుకో, రూపాయల్లోకి మార్చడం ఇంటికొచ్చాక చెయ్యొచ్చు. ఆదాయం ఎంత అని నేరుగా అడగకు. ఏదో పథకం కోసం వచ్చిందనుకొని తగ్గించి చెప్తారు. ఎన్ని క్వింటాళ్లు పండినయ్, ఎంతకు అమ్మినవ్, ఎరువుకు ఎంతైంది అని అడిగితే లెక్క దానంతటదే వస్తుంది. పట్టాదారును, కౌలుదారును ఒకే దగ్గర కూర్చోబెట్టి అస్సలు అడగొద్దు.

ఎండాకాలంలో పోతే వలసపోయిన ఇళ్లకు తాళాలు ఉంటాయి. దొరికినవాళ్లనే అడిగి వస్తే, ఉన్న ఊళ్లోనే బతకగలిగిన వాళ్ల మాటే నీ పేపర్లో ఉంటుంది. దసరాకో సంక్రాంతికో అందరూ వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి పో. అరవై ఇళ్లు తిరిగి తెలంగాణ రైతులందరి తరఫున మాట్లాడకు, ఆ అరవై ఇళ్ల మాటే చెప్పు. ఎందుకు అడుగుతున్నావో ముందే చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకో. పేర్లు, ఫోన్ నంబర్లు పేపర్లో రావద్దు, పాసుబుక్కు ఫోటో తియ్యొద్దు.

సర్కారు లెక్కలు వాడేటప్పుడు ఇంకో గోతి ఉంది, చాలామంది పిల్లలు అందులో పడతారు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షలకు పైనే. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లా విడిపోయింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరుపడ్డాయి, షాద్‌నగర్ వైపు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు వికారాబాద్‌లోకి పోయాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. మన నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పేరు అదే కదా అని పాత మహబూబ్‌నగర్ అంకె పక్కన కొత్త మహబూబ్‌నగర్ అంకె పెడితే జిల్లా సగానికి పైగా మాయమైనట్టు కనబడుతుంది. మండలాలవారీగా కూడుకొని పాత హద్దులు మళ్లీ కట్టుకో. విసుగు పుట్టించే పనే, కానీ ఆ టేబుల్ ఒక్కటి సరిగ్గా ఉంటే మిగతాదంతా నిలబడుతుంది.

రాయడం గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లీష్ గురించి టెన్షన్ వద్దు, చిన్న వాక్యాలు రాయి. ప్రశ్న ఏంటి, ఏ లెక్కలు వాడావు, ఏం తేలింది అనేవి మొదటి పేజీలోనే రావాలి. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర రాసుకో. లెక్కలు వేయడానికి స్టేటా సాఫ్ట్‌వేర్ కొనే పని లేదు, ఆర్ అనేది ఉచితమే. జేఈఎల్ కోడ్ (ఎకనామిక్స్ పేపర్లను విషయాన్ని బట్టి విడదీసే గుర్తు) అడిగితే భూమి, కౌలుకు సంబంధించింది క్యూ 15. ఏఐ వాడొచ్చా, ఎంతవరకు వాడొచ్చు అనేది రూల్స్‌లో చూడు. అది చెప్పిన పేపర్లు నిజంగా ఉన్నాయో లేవో తెరిచి చదవకుండా ఒక్కటి కూడా రెఫరెన్సుల్లో పెట్టకు. లేని పేపరు ఒకటి దొరికితే మిగతావి కూడా ఎవరూ నమ్మరు.

రూల్స్ ప్రింట్ తీసి గోడకు అంటించుకో. పేరు లేకుండా పంపమంటే మొదటి పేజీలోనే కాదు, ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా నీ పేరు తీసెయ్. గడువు న్యూయార్క్ టైం ప్రకారం రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, వాళ్ల చలికాలంలో అయితే పదిన్నర. అయినా ఆ గంటల మీద ఆధారపడకు, రెండు రోజులు ముందే పంపు. ఎంట్రీ ఫీజు పేరుతో వేలకు వేలు అడిగి, ప్రతివాళ్లకూ సర్టిఫికెట్ ఇస్తామనే పోటీల జోలికి పోవద్దు. అసలైనవాళ్లయితే జడ్జిలు ఎవరు, ఇదివరకు గెలిచిన పేపర్లు ఏవి అనేది బయటపెడతారు. ఆ పాత పేపర్లు రెండు మూడు చదువు. మీ సార్ లెటర్ కావాల్సి ఉంటే నెల ముందే డ్రాఫ్ట్ చేతికిచ్చి అడుగు, చివరి రోజున సంతకం కోసం ఉరకొద్దు.

ఫైనల్‌కు పిలిస్తే రాకపోకల ఖర్చు వాళ్లదా, మనదా అని ముందే కనుక్కో. మనదే అయితే నాతో చెప్పు, మీ నాయనను పరేషాన్ చెయ్యకు. పాస్‌పోర్టుకు మాత్రం ఇప్పుడే అప్లై చెయ్. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే అక్కడ ఆపొచ్చు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఈ వారంలోనే చూసుకో. తేడా ఉంటే దసరా సెలవుల్లో వచ్చినప్పుడు పట్టుకురా, మీసేవకు ఇద్దరం పోదాం.

మీ పెద్దనాయన