సీబీపీలో ఇసినోఫిల్స్ 9 శాతం: ముందు ఈ లెక్క వేయండి

అమ్మగారి సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో ఇసినోఫిల్స్ (అలర్జీకి, కడుపులో పురుగులకు పెరిగే ఒక రకం తెల్లకణాలు) 9 శాతం ఉన్నాయని, కంగారు పడాలా అని అడిగారు. ఆ 9 పక్కన ‘హై’ అని పడింది శాతాన్ని బట్టి. మీరు రాసిన మొత్తం తెల్లకణాలు 4,800 (మైక్రోలీటరు రక్తంలో). మొత్తం తక్కువగా ఉంటే శాతం పెద్దగా కనబడుతుంది.

1. తెల్లకణాలను శాతంతో గుణించి 100తో భాగించండి: 4,800 × 9 ÷ 100 = 432. ఇది ఇసినోఫిల్స్ అసలు సంఖ్య (ఏఈసీ); చాలామంది వదిలేసేది ఈ లెక్కే. 500 లోపు మామూలే, కంగారు వద్దు. అదే 9 శాతం, తెల్లకణాలు 11,000 ఉంటే 990; అది ఎక్కువే. రిపోర్టులో ‘ఏఈసీ’ అని విడిగా ఉంటే లెక్క అక్కర్లేదు.

2. తుమ్ములు, రాత్రి దగ్గు, దురద ఉంటే అలర్జీని చూడాలి. అనంతపురం వైపు చెనక్కాయలు విడిపించేటప్పుడు లేచే దుమ్ము, గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి రెండూ రేపుతాయి. చెప్పుల్లేకుండా చేలో తిరిగేవాళ్లైతే హుక్‌వార్మ్ (కొంకి పురుగు) కూడా అనుమానించాలి. మల పరీక్షకు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి, ఒక్కసారికి పురుగు గుడ్లు దొరక్కపోవచ్చు.

3. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతుంటే అంకె తగ్గి కనబడుతుంది. డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

4. ఏఈసీ 1,500 దాటినా, ఆయాసం, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌కు చూపించండి.