పిరెస్ ఆర్సెనల్‌ను వదిలింది డబ్బు కోసమేనా?

ప్రశ్న ఇది: "రాబర్ట్ పిరెస్ 2006లో ఆర్సెనల్ నుంచి విల్లారియల్‌కు వెళ్ళింది రెండేళ్ళ కాంట్రాక్టు కోసమే కదా?"

పిరెస్ ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు, ఆర్సెనల్ లండన్ క్లబ్బు, విల్లారియల్ స్పెయిన్ క్లబ్బు. కాగితం మీద చూస్తే అంతే. ముప్పై దాటినవాళ్ళకు ఆర్సెనల్ ఒక్క ఏడాదికే కాంట్రాక్టు ఇచ్చేది, స్పెయిన్ వాళ్ళు రెండేళ్ళు ఇస్తామన్నారు. కానీ ఆ మే నెల రాత్రి మ్యాచ్ చూసిన వాళ్ళెవరూ ఈ ప్రశ్న అడగరు. నేను చూశాను, అందుకే రాస్తున్నాను.

అప్పుడు వరంగల్లో ఇంజనీరింగ్. పరీక్షలు అయిపోయి హాస్టల్ మొత్తం ఖాళీ. ప్రాజెక్టు వైవా కోసం నలుగురం మిగిలాం. టీవీ రూము తాళం వాచ్‌మన్ దగ్గర ఉండేది. రాత్రి పన్నెండుంబావుకి యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఆర్సెనల్, బార్సిలోనా. "బాల్ ఆటకు గింత రాత్రేంది బిడ్డా" అని గొణుక్కుంటూ తాళం తీసి, ఆయన కూడా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ బార్సిలోనా స్టార్ రొనాల్డిన్యో భక్తులు. నేనొక్కణ్ణే ఆర్సెనల్, అందులోనూ పిరెస్ మనిషిని.

ఎందుకు పిరెస్ అంటే, ఆయన పరుగు చూడండి. పాదాలు రెండూ పక్కలకు తిరిగి ఉంటాయి, అచ్చం బాతు నడక. వింగర్ అంటే, మైదానం అంచున ఆడేవాడు, బాణంలా దూసుకుపోవాలని అనుకునే వాళ్ళకు ఆయన నచ్చడు. ఎడమవైపు నుంచి తీరుబడిగా లోపలికొచ్చి, కుడికాలితో దూరపు మూలకు బంతిని వంపు తిప్పి పంపేవాడు, కొట్టినట్టు కూడా ఉండేది కాదు. 2002 మార్చిలో ఆస్టన్ విల్లా మీద ముందు ఒకడి తల మీదుగా బంతి తీసుకుని, ఆ తర్వాత ష్మైకేల్ అంతటి గోల్‌కీపర్ తల మీదుగా దించిన గోల్ ఒక్కటి చాలు. వారం తిరక్కుండానే న్యూకాజిల్‌తో మ్యాచ్‌లో బంతి కోసం అవతలివాడు కాలు చాపి చేసిన టాకిల్ మీద నుంచి దూకి, దిగడం తేడా పడి మోకాలు పోయింది. దాంతో ప్రపంచకప్ పోయింది. ఆ కప్పులో ఫ్రాన్స్ ఒక్క గోల్ కూడా కొట్టలేక గ్రూపులోనే ఇంటికెళ్ళింది. పిరెస్ ఉంటే అలా జరిగేది కాదని నా నమ్మకం, ఎవరితోనైనా వాదిస్తాను.

సరే, ఫైనల్‌కి వద్దాం. ఆడింది పారిస్ శివారులో, స్టాడ్ ద ఫ్రాన్స్‌లో. పిరెస్ పుట్టిన రీమ్స్ అక్కడికి మరీ దూరమేం కాదు. 1998లో ఫ్రాన్స్ ప్రపంచకప్ ఎత్తింది ఆ గడ్డి మీదే. ఆ ఫైనల్లో ఆడకపోయినా ఆ జట్టులో ఆయనా ఒకడు. అంటే సొంత ఊళ్ళో పెళ్ళి లాంటి మ్యాచ్.

18వ నిమిషం. బార్సిలోనా ఆటగాడు ఎటో గోల్ వైపు దూసుకొస్తుంటే ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్ బయటికొచ్చి పడేశాడు. బంతి అదే జట్టు జ్యూలీకి దొరికింది, వలలో వేశాడు కూడా. కానీ రిఫరీ అప్పటికే విజిల్ ఊదేశాడు. గోల్ లేదు, ఫ్రీ కిక్, లేమన్‌కు ఎర్ర కార్డు, అంటే ఆట నుంచి బయటికి. ఇప్పుడు రెండో గోల్‌కీపర్ అల్మూనియా రావాలంటే మైదానంలో ఉన్న పదిమందిలో ఎవరో ఒకరు వెళ్ళిపోవాలి. బయటికెళ్ళేవాడి నంబరు చూపే బోర్డు లేచింది. 7. పిరెస్.

వాచ్‌మన్‌కు ఫుట్‌బాల్ తెలీదు. అయినా ఆయన అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "ఎర్ర కార్డు గోల్ కాడ నిలబడ్డోనికి గదా చూపెట్టింది, మరి ఈయన్నెందుకు పంపిస్తున్నరు?" నిబంధన మొత్తం వివరించాను. విని, "గిదేం లెక్క బిడ్డా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆర్సెనల్ కోచ్ వెంగర్ లెక్క నాకు తెలీక కాదు. పదిమందితో డెబ్బై నిమిషాలు కాచుకోవాలి, పిరెస్‌కు 32 ఏళ్ళు, టాకిల్ చేయడమంటే ఆయనకు మొదటి నుంచీ పడదు. 37వ నిమిషంలో మా క్యాంప్‌బెల్ తలతో గోల్ కొట్టేసరికి ఆ లెక్క కరెక్టే అనిపించింది కూడా. చివర్లో ఎటో, బెల్లెట్టీ నాలుగైదు నిమిషాల తేడాతో రెండు కొట్టారు, 2-1తో బార్సిలోనా గెలిచింది. మా రూములో ముగ్గురు గంతులేశారు. నేను మాత్రం బెంచీ మీద కెమెరాకు ఎప్పుడు కనిపిస్తాడా అని ఆయన కోసమే వెతుకుతున్నాను. ఆర్సెనల్ వదిలేయాలన్న నిర్ణయానికి ఆ రోజు తనను బయటికి పిలవడమూ ఒక కారణమని తర్వాత ఇంటర్వ్యూల్లో పిరెసే చెప్పాడు. ఆరేళ్ళు ఆడి, 2003-04లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచిన జట్టుకు 14 గోల్స్ కొట్టినవాడికి అలాంటి వీడ్కోలు.

ఇదంతా నాకెందుకు అంత గుచ్చుకుందో అప్పుడు తెలీలేదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట మా లీడ్ ఒక తప్పు చేశాడు, క్లయింటు కోపంతో టీములో ఒక మనిషిని తగ్గించమన్నాడు. లీడ్ లేకపోతే ప్రాజెక్టు నడవదు కదా. నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. మేనేజరు చాలా మర్యాదగా, "నీ తప్పేం లేదు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

పిరెస్‌కు ఇది కొత్తా అంటే కాదు. యూరప్ దేశాల కప్పు 2000 యూరో ఫైనల్లో ఫ్రాన్స్‌ను గెలిపించిన ట్రెజెగె గోల్డెన్ గోల్‌కు (అదనపు సమయంలో పడగానే మ్యాచ్ ముగిసిపోయే గోల్) ఎడమ పక్క నుంచి బంతి అందించింది ఈయనే. అలాంటివాణ్ణి 2004 అక్టోబరు తర్వాత కోచ్ డొమెనెక్ మళ్ళీ ఫ్రాన్స్ జట్టులోకి తీసుకోలేదు. ఆ కోచ్‌కు జాతకాల పిచ్చి, వృశ్చిక రాశి వాళ్ళంటే పడదు అని పేపర్లు రాశాయి. పిరెస్ అక్టోబరు 29న పుట్టాడు మరి. జాతకాల గోల మన దగ్గరే ఉందనుకుంటాం! పైగా మన లెక్కలో రాశి చంద్రుణ్ని బట్టి చూస్తారు, పుట్టిన తేదీని బట్టి కాదు. అంటే మన పంతులుగారి ప్రకారం అది సరైన కారణం కూడా కాదు.

ఇంకో చిత్రం, విల్లారియల్ ఎవరు? అదే ఏడు సెమీఫైనల్లో ఆర్సెనల్ చేతిలో ఓడిన జట్టు. వాళ్ళ రికెల్మే పెనాల్టీని లేమన్ ఆపాడు కాబట్టే ఓడారు. అంటే లేమన్ ఆరోజు ఫైనల్‌కు చేర్చాడు, ఫైనల్ రోజు బయటికి పంపించాడు. విల్లారియల్‌లో మొదలే బాగోలేదు, సీజన్ మొదలవక ముందే మళ్ళీ మోకాలు, నెలల తరబడి విశ్రాంతి. కానీ 2007-08లో ఆ చిన్న ఊరి జట్టు స్పెయిన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మూడోది బార్సిలోనా. ఆ సీజన్ పట్టిక ప్రింటు తీసి చాలాకాలం పర్సులో పెట్టుకుని తిరిగాను, మా ఆవిడ రేషన్ కార్డు జిరాక్స్ అనుకునేది.

డబ్బు కోసమే ఎక్కడికైనా వెళ్ళాడంటే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఆడటానికి మన గోవా జట్టుకు వచ్చాడే, అది అనండి ఒప్పుకుంటాను. ఆటకు దూరమై మూడేళ్ళు దాటింది, వయసు 40, కోచేమో ఒకప్పటి బ్రెజిల్ స్టార్ జీకో. దీపావళి రోజు కోల్‌కతాతో మ్యాచ్‌లో అవతలి కోచ్‌తో గొడవపడి రెండు మ్యాచ్‌ల నిషేధం కూడా తెచ్చుకున్నాడు. నేను టీవీలో చూస్తున్నాను, బయట టపాసుల మోతకు కామెంటరీ ఒక్క ముక్క వినపడలేదు. బంతి ఎడమవైపు వచ్చింది. పరుగు బాగా తగ్గింది కానీ పాదాలు మాత్రం అలాగే పక్కలకు తిరిగే ఉన్నాయి.