స్కూల్లో నెమ్మది... ఇంటికొస్తే ఏడుపు, అరుపులు

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. తొమ్మిదో ఏట ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) అన్నారు, నిరుడు ఆటిజం కూడా ఉందని తేల్చారు. స్కూల్లో ఎవర్నడిగినా "అంత నెమ్మదైన పిల్ల ఇంకొకరు లేరు" అంటారు. ఇంటికొచ్చేసరికి మాత్రం గుమ్మంలోనే బ్యాగు విసిరేస్తుంది, సాక్సులు లాగి పారేస్తుంది, "ఈరోజు ఎలా గడిచింది" అని అడిగితే చాలు అరుస్తుంది, ఒక్కోసారి బాత్రూమ్ తలుపేసుకుని గంటసేపు ఏడుస్తుంది. పోయిన నెల "నేను దేనికీ పనికిరాను, నేను లేకపోతేనే మీకు హాయి" అంది. నా గారాబం వల్లే ఇలా తయారైందని మావారు అంటారు. బయట అంత బాగా ఉండగలిగే పిల్ల నా దగ్గరే ఎందుకిలా చేస్తోంది? నా పెంపకంలో లోపముందా?

జవాబు: మీ పెంపకం సంగతికి తర్వాత వస్తాను. ముందు అమ్మాయి అన్న ఆ మాట చూద్దాం. "నేను లేకపోతేనే మీకు హాయి" అనడం కోపంలో వచ్చిందే కావచ్చు, అయినా అలా అనుకుని వదిలేయకండి. ఆటిజం ఉన్న టీనేజీ పిల్లల్లో చనిపోవాలన్న ఆలోచనలు తోటివాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తాయి. పైగా ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలో ఏ మార్పూ ఉండకపోవచ్చు, రేపటి టైంటేబుల్ చెప్పినట్టు చెప్పేస్తారు, పెద్దవాళ్లు సరిగ్గా అక్కడే పొరపడతారు. కాబట్టి ఇవాళే, తను కాస్త స్థిమితంగా ఉన్నప్పుడు, సూటిగా అడగండి: "నువ్వు లేకపోతే మాకు హాయి అన్నావు కదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. అలా జరగదు, అడగడం వల్ల ఎక్కువమందికి గుండెల మీద బరువు దిగుతుంది. డొంకతిరుగుడుగా "పిచ్చి ఆలోచనలేమైనా వస్తున్నాయా" అని మాత్రం అడగొద్దు. ఇలాంటి పిల్లలు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు, తన ఆలోచన తనకు పిచ్చిదిగా అనిపించదు కాబట్టి నిజాయితీగానే "లేదు" అంటుంది. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద అవును, కాదు, తెలీదు అని మూడు మాటలు రాసి వేలు పెట్టమనండి. అవునన్నా, ఒంటి మీద తనకు తాను చేసుకున్న గాయాలు కనిపించినా, ఒంటరిగా వదలొద్దు, మందులు, పదునైన వస్తువులు అందకుండా తీసేయండి, ఆరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, వేళకాని వేళైతే ఎమర్జెన్సీకి. కాదన్నా సరే, ఆ మాట డాక్టర్ చెవిన వేయాల్సిందే.

ఇక మీరు అడిగింది. బయట అంత బాగా ఉండగలిగే పిల్ల నా దగ్గరే ఎందుకిలా అని రాశారు. ఆ "బాగా ఉండటం" గురించే నాకు ఎక్కువ బెంగ. తను స్కూల్లో బాగా లేదండీ, బాగున్నట్టు కనిపిస్తోంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఒక పూట మీ అమ్మాయి కుర్చీలో మీరు కూర్చున్నట్టు ఊహించుకోండి. సాక్సు కుట్టు కాలివేలికి ఒరుసుకుంటూనే ఉంది, పైన ట్యూబ్‌లైట్ సన్నగా రొద పెడుతోంది, అది వేరెవరికీ వినబడదు, మీకు వినబడుతూనే ఉంది. చేతులు ఆడించాలని ఉంది, కానీ ఒకసారి ఆడిస్తే ఎవరో నవ్వారు కాబట్టి తొడల కింద పెట్టుకు కూర్చున్నారు. పక్కపిల్ల ఏదో అని నవ్వింది, అది జోకో వెక్కిరింపో తేల్చుకునేలోపు మీరూ నవ్వేయాలి, లేకపోతే వింతగా చూస్తారు. ఈ లోపల టీచర్ చెప్పింది సగం జారిపోయింది, మళ్లీ అడిగితే "వినడం లేదా" అంటారేమోనని ఊరుకున్నారు. ఇలా ఆరేడు గంటలు, వారానికి అయిదారు రోజులు. నిపుణులు దీన్ని మాస్కింగ్ అంటారు, మన మాటల్లో ఉగ్గబట్టుకోవడం. అలా ఉగ్గబట్టుకున్నదంతా ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. తనను వదిలిపెట్టరన్న నమ్మకం ఉన్న మనిషి దగ్గరే పడుతుంది. ఆ మనిషి మీరు. మీకిది ఓదార్పుగా అనిపించకపోవచ్చు, రోజూ అరుపులు భరిస్తున్నది మీరే కాబట్టి. కానీ మీ ప్రశ్నకు జవాబు అదే.

అందుకని ఇంట్లో అరుపులు ఎలా ఆపాలి అన్న దగ్గర మొదలుపెడితే దారి తప్పుతాం. అరుపులు ఆపడం కష్టమేమీ కాదు, గట్టిగా భయపెడితే ఆగుతాయి, అప్పుడు తనకు ఇల్లు కూడా ఉగ్గబట్టుకోవాల్సిన చోటైపోతుంది. ఇలా ఏళ్ల తరబడి దాచుకుంటూ పోయిన పిల్లల్లో దిగులు, ఆందోళన ఎక్కువ, ఒక దశలో ఉన్నట్టుండి చేతులెత్తేస్తారు, స్కూలుకు వెళ్లలేరు, అంతకుముందు వచ్చిన పనులు కూడా చేయలేకపోతారు. మీరు చూడాల్సింది ఆ గుమ్మంలోకి వచ్చేముందు గడిచిన గంటల్ని.

స్కూలు సంగతి చెప్పేముందు ఇంట్లో వెంటనే మార్చగలిగింది ఒకటుంది. "ఎలా గడిచింది" అని అడగడం మానేయండి. మీరు ప్రేమతో అడుగుతున్నారు, నాకు తెలుసు, కానీ అది తనకు ఆరోజు ఎదురైన యాభయ్యో ప్రశ్న. తలుపు తీయండి, నవ్వండి, పక్కకు తప్పుకోండి. బట్టలు మార్చుకోవడానికి మెత్తటివి తీసి ఉంచండి, తినడానికేదైనా తన గదిలో పెట్టేయండి, ముప్పావుగంటో గంటో ఎవరూ పలకరించకుండా, హోంవర్క్ ఊసెత్తకుండా చూడండి. గోడవైపు తిరిగి పడుకున్నా, ఒకే పాట పదిసార్లు విన్నా, గదిలో గిరగిరా తిరిగినా అది సోమరితనం కాదు, తను కూడదీసుకుంటోంది. మాటలు కావాలనుకుంటే చీకటి పడ్డాక ఏదో పని చేసుకుంటూ పక్కపక్కన కూర్చోండి. ఎదురెదురుగా కళ్లలోకి చూస్తూ అడిగినప్పుడు రాని మాటలు, ఇద్దరి చూపూ చేతిలో పని మీద ఉన్నప్పుడు వస్తాయి.

అప్పటికీ ఏదో ఒకరోజు బద్దలవుతుంది. అది మొండితనం కాదని మీవారికి కూడా తెలియాలి. కావలసింది సాధించుకోవడానికి ఏడ్చే పిల్ల మధ్యలో ఆగి మనం చూస్తున్నామా లేదా అని గమనిస్తుంది, అడిగింది ఇచ్చేస్తే ఊరుకుంటుంది. మీ అమ్మాయి ఇలా బద్దలవడాన్ని మెల్ట్‌డౌన్ అంటారు, అందులో అలా ఉండదు, అప్పుడు ఏమిచ్చినా ఆగదు, ఎందుకంటే అప్పుడు పగ్గాలు తన చేతిలో లేవు. ఆ సమయంలో నచ్చజెప్పడం, కారణాలు అడగడం, శిక్ష చెప్పడం అన్నీ ఇంకా శబ్దాన్ని పెంచడమే. లైటు తగ్గించండి, దెబ్బ తగిలే వస్తువులు పక్కకు జరపండి, "ఇక్కడే ఉన్నాను" అని ఒక్కసారి చెప్పి నోరు కట్టేసుకోండి. బాత్రూమ్ తలుపేసుకున్నప్పుడు అది కష్టమే, ముఖ్యంగా పైన చెప్పిన భయం తేలేవరకు గడియ బయటనుంచి తీయగలిగేలా చూసుకోండి, తనకు చెప్పే చేయండి. బ్యాగు విసిరినప్పుడు ఎవరికైనా తగిలితే ఆ సంగతి మాట్లాడాల్సిందే, కానీ మర్నాడు, రెండే రెండు ముక్కల్లో: "కోపం రావచ్చు. మనుషుల మీదికి విసరకూడదు. విసరాలనిపిస్తే ఈ దిండు ఉంది."

పెద్దవాళ్లకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. మనసులో ఏముందో అడిగితే ఈ పిల్లలు "తెలీదు" అంటారు, మనం దాన్ని పొగరనుకుంటాం. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి తమలో కలిగే భావం ఏమిటో గుర్తుపట్టి పేరు పెట్టడం నిజంగానే కష్టం. దీనికి అలెక్సితీమియా అని పేరు కూడా ఉంది. నా దగ్గరికి వచ్చిన ఓ అబ్బాయి నెల రోజులు ఏమడిగినా "తెలీదు" అనే అన్నాడు. ఒకసారి "ఎలా ఉంది" అనడం మానేసి "ఒంట్లో ఎక్కడేమవుతోంది" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "చెవుల వెనక వేడిగా ఉంది" అన్నాడు. ఆ వేడి మొదలైన పది నిమిషాలకు వాడు పుస్తకాలు చింపేస్తాడని తర్వాత వాళ్లమ్మ, నేను కూర్చుని లెక్కేసుకున్నాం. ఆ రోజునుంచి వాడు చెవి వెనక వేలు పెట్టి చూపిస్తే చాలు, ఇంట్లో టీవీ కట్టేసేవారు. మీ అమ్మాయికి అది కడుపులో ఉండొచ్చు, దవడల్లో ఉండొచ్చు. వెతకండి, కానీ పరీక్ష పెట్టినట్టు కాకుండా.

"ఇంత వయసొచ్చినా" అన్న మాట మీ ఇంట్లో వినబడుతుంటే అది మానేయమంటాను. 2007లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కానింగులు పోల్చి చూశారు. మెదడు పైపొర ఎదుగుదలలో మామూలుగా ఏడున్నర ఏళ్లకు వచ్చే దశ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో సుమారు పదిన్నరకు వచ్చింది, ఎక్కువ జాప్యం కనిపించింది కూడా తమాయించుకోవడానికి, పనిని ఒక క్రమంలో పెట్టుకోవడానికి అవసరమైన ముందుభాగాల్లోనే. ఎదుగుదల ఆగిపోలేదు, ఆలస్యంగా వస్తోంది. పన్నెండేళ్లంటే సరిగ్గా స్నేహాలు ఆటల నుంచి గుసగుసల్లోకి, అలకల్లోకి మారే వయసు, ఒంట్లో మార్పులు, నెలసరి మొదలయ్యే వయసు, సబ్జెక్టుకో టీచరు, టీచరుకో పద్ధతి. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ కలిసి ఉండటం మరో మెలిక, ఆటిజం వైపు ఏదీ మారకూడదంటుంది, ఏడీహెచ్‌డీ వైపు కొత్తది కావాలంటుంది. వైద్యులు వాడే అమెరికన్ నిర్ధారణ గ్రంథం 2013 వరకు ఈ రెండూ ఒకే మనిషికి ఉన్నాయని రాయడానికే ఒప్పుకోలేదు, అందుకే రెండూ కలిసిన పిల్లల గురించి పాత సలహాల్లో పెద్దగా దొరకదు.

మీరు స్కూలుకు వెళ్లి మాట్లాడేముందు రెండు వారాల పాటు సాయంత్రాలు రాసి పెట్టుకోండి, ఏ రోజు, ఎన్నింటికి, ఆరోజు స్కూల్లో ఏముంది అని. ఒక్కోసారి అందులోనే దొరుకుతుంది, ఆటల పీరియడ్ ఉన్న రోజో, గ్రూపు ప్రాజెక్టు ఉన్న రోజో. ఏడీహెచ్‌డీకి మందు వాడుతుంటే టైము తప్పకుండా రాయండి, పగలు వేసిన మందు ప్రభావం తగ్గే వేళకు చిరాకు, ఏడుపు పెరగడం కొందరు పిల్లల్లో ఉంటుంది, అదే అయితే డాక్టర్ మోతాదో సమయమో మార్చి చూస్తారు. మీరే మార్చకండి. ఆ కాగితాలతో టీచర్ దగ్గరికి వెళ్లి "మా అమ్మాయి ఇక్కడ బాగానే ఉందా" అని అడగొద్దు, బాగానే ఉందంటారు. "విరామంలో ఎవరితో కూర్చుంటుంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే అదే జవాబు. ఏడిపించేవాళ్లున్నారా అన్నదీ అక్కడే తేలుతుంది, ఇలాంటి పిల్లల్ని ఏడిపించడం ఎక్కువ, తమను ఏడిపిస్తున్నారని వాళ్లకు వెంటనే తెలియకపోవడం కూడా ఉంది. మరీ ఎక్కువ కోరకండి: ఊపిరాడనట్టు అనిపిస్తే కారణం చెప్పకుండా బయటికెళ్లి కూర్చునే చోటు, మార్పు ఉంటే ముందురోజే చెప్పడం, జట్లు పిల్లల్ని ఎంచుకోమనకుండా టీచరే వేయడం. ఈ మూడూ జరిగితే చాలా తేలికవుతుంది.

కౌన్సెలర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు నలభై శాతం మందికి వైద్యం అవసరమయ్యే స్థాయిలో ఆందోళన ఉంటుంది, దానికి సీబీటీ అనే మాటల చికిత్స పనిచేస్తుంది, అయితే ఈ పిల్లలకు తగ్గట్టు మార్చి చేయాలి, అంటే బొమ్మలతో, రాతతో, మధ్యమధ్య విరామాలిస్తూ, తల్లిదండ్రుల్ని కలుపుకుంటూ. మొదటిరోజే అడగండి, ఇలా చేస్తారా అని. కళ్లలోకి చూడమని, చేతులు ఆడించొద్దని నేర్పడమే పనిగా పెట్టుకునేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు, ఉగ్గబట్టుకోవడం తనకు ఇప్పటికే బాగా వచ్చు.

మీ ఉత్తరంలో రెండు సంగతులు లేవు. తనకు ఆటిజం ఉందని అమ్మాయికి చెప్పారా? చెప్పకపోతే చెప్పండి. తను అందరిలా లేనన్న సంగతి తనకు ఎప్పుడో తెలుసు, దానికి పేరు తెలియక "పనికిరాను" అని తనే పేరు పెట్టుకుంది. రెండోది, తనకు ఏమిష్టమో మీరు రాయలేదు. ఆ అలసటలో గుర్తుకు రాకపోవడం సహజమే, తప్పుపట్టడం లేదు. కానీ గంటసేపు ఆపకుండా మాట్లాడగలిగే విషయం ఏదో ఒకటి తనకు ఉండే ఉంటుంది. రోజుకు పదిహేను నిమిషాలు దాన్ని వినండి, సరిదిద్దకుండా, చదువుకు ముడిపెట్టకుండా, మార్కులు తగ్గాయని దాన్ని లాగేసుకోకుండా. పొద్దున్నుంచి "అది కాదు, ఇలా కాదు" అని వింటూ వచ్చిన పిల్ల తనకు బాగా తెలిసింది చెప్పగలిగే పదిహేను నిమిషాలవి.

మీ పెంపకంలో లోపం లేదు. 1950లు, 60లలో ఆటిజానికి తల్లి మనసులో ప్రేమ లేకపోవడమే కారణమని పెద్దపెద్ద డాక్టర్లే రాశారు, ఎందరో తల్లులు ఆ నింద మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తన కొడుక్కీ ఆటిజం ఉన్న తండ్రి, ఇది పెంపకంతో వచ్చేది కాదని, మెదడు పనితీరులో ఉందని వాదించి ఆ మాటను కూలదోశారు. అప్పుడు ప్రేమ తక్కువైంది అన్నారు, ఇప్పుడు మీవారు గారాబం ఎక్కువైంది అంటున్నారు. ఆయనతో వాదించకండి, మీలో వాదించే ఓపిక మిగిలి ఉందని కూడా నేననుకోను. ఒక వారం సాయంత్రం పూట తలుపు ఆయన్ని తీయమనండి. ఏమీ అడగకుండా, నవ్వి, పక్కకు తప్పుకోమని మాత్రం చెప్పండి. ఆ గంట మీరు వేరే గదిలో పడుకోండి.