మేనకోడలికి మావయ్య ఉత్తరం: స్కోరు వేసే ముందు

అమ్మాయీ,

ఎమర్జెన్సీ కడుపు ఆపరేషన్లలో రోగికి ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి ఏ స్కోరు వాడాలని అడిగావు. అపాచీ-2 అనే స్కోరుకు 12 శరీర కొలతలు కావాలి, అర్ధరాత్రి వాటన్నిటినీ ఎక్కడ తెస్తావు? పి-పోసమ్‌కు కడుపు తెరిచాక కనిపించినవి కూడా కావాలి. నీ ఏరియా ఆసుపత్రికి రెండు చాలు. డ్యుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) పుండు చిల్లుపడితే బోయీ స్కోరు, ఏ కారణం వల్లనైనా కడుపులో చీము పడితే మాన్‌హైమ్ స్కోరు.

బోయీలో మూడే ప్రశ్నలు: పాత పెద్ద జబ్బు ఉందా, ఆపరేషన్‌కు ముందే షాక్‌లో (బీపీ బాగా పడిపోయి) ఉన్నాడా, చిల్లుపడి 24 గంటలు దాటిందా. మొదటి రెండూ నువ్వే తేల్చుకోగలవు. మూడోది ఇంట్లోవాళ్లు చెప్పాలి, మన గోదావరి డెల్టాలో లెక్క తప్పేది అక్కడే. ‘నిన్నటి నుంచి’ అంటారు. మొన్న ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో నొప్పి సర్దుకున్నట్టనిపించడం, రాత్రి లంకలో పడవ దొరక్క తెల్లారాక రేవు దాటడం వాళ్ల లెక్కలోకి రావు. అందుకే ఎన్ని గంటలైందని అడగకు. చేలో ఉండగా మొదలైందా, అన్నం తిన్నాకా, ఇంజెక్షన్‌కు ఎంత ముందు అని అడుగు. పుండుకు దారితీసే కీళ్ల నొప్పుల మాత్రల సంగతీ అప్పుడే బయటపడుతుంది.

వయసు కూడా అంతే. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే నమ్మకు. మాన్‌హైమ్‌లో 50 దాటితే 5 పాయింట్లు మరి.

ఒక లెక్క చూడు. 55 ఏళ్ల మగ మనిషి, డ్యుయోడినమ్ చిల్లు, రెండు రోజుల ఆలస్యం, కడుపంతా చీము. వయసుకు 5, ఆలస్యానికి 4, మూలం పెద్దపేగు కానందుకు 4, కడుపంతా పాకినందుకు 6, చీముకు 6. మొత్తం 25, అంటే అపాయంలో మధ్య వరుస (21–29). మూత్రం గంటకు 20 మిల్లీలీటర్ల కంటే తగ్గిందనుకో, అవయవం దెబ్బతిన్నట్టు లెక్క: ఇంకో 7. ఒక్కసారిగా 32 అయి పై వరుసలోకి పోతాడు. కాబట్టి క్యాథటర్ వేసి, గంటగంటకూ కొలత కేస్ షీట్‌లో రాయించు. నర్సమ్మలు విసుక్కున్నా సరే.

స్కోరు ఎక్కువని ఆపరేషన్ మానేవాళ్లను చూశాను. నాకు ఒళ్లు మండుతుంది. ఆ అంకె ఒక గుంపు సంగతి చెబుతుంది, నీ బల్ల మీదున్న మనిషి సంగతి కాదు. ఎక్కువ వస్తే పెద్ద మత్తు డాక్టరును పిలిపించు, ఐసీయూ మంచం ముందే అడుగు. నీ దగ్గర లేకపోతే సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి పంపు. చీము ఎలాంటిదో తెరిస్తేగాని తెలియదు గనక, మాన్‌హైమ్ అంకెతో ముందే ఇంట్లోవాళ్లను భయపెట్టకు. ప్రాణాపాయం ఉందని మాత్రం దాచకుండా చెప్పు, శాతాలు వద్దు.

ప్రతి కేసుకూ స్కోరు పక్కన నెల తర్వాత ఏమైందో రాసిపెట్టుకో. డిశ్చార్జి అయ్యాక మళ్లీ రానివాళ్లే ఎక్కువ, కాబట్టి కొడుకు నంబరుతో పాటు పక్కింటివాళ్ల నంబరూ తీసుకో.

మీ మావయ్య